పక్షవాతం వచ్చిన నాన్నగారికి మెట్ల లిఫ్టు క్షేమమేనా? ఇంటి లిఫ్టు పెట్టించాలా, కింది గదిలోకి మార్చాలా?

తెనాలి మేడ

నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా నాన్నగారికి 68 ఏళ్లు. పద్నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఫిజియోథెరపీ వల్ల చాలా తేరుకున్నారు. మూడు కాళ్ల కర్ర పట్టుకుని, పక్కన మనిషి ఉంటే ఇల్లంతా తిరుగుతారు. మాట నెమ్మదిగా వస్తుంది గానీ మతి ఎప్పటిలాగే పదును. లెక్కల్లో రూపాయి తేడా వచ్చినా పట్టేస్తారు.

మాది బజారు వీధిలో పాత ఇల్లు. కింద బట్టల కొట్టు, పైన కాపురం. కొట్టు వెనక నుంచి పైకి 18 మెట్లు. పది ఎక్కాక చిన్న ల్యాండింగు, అక్కడ ఎడమకు తిరిగితే మరో ఎనిమిది. మెట్ల వెడల్పు 38 అంగుళాలు. కొట్టులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు నాన్నగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పొద్దున దించేవారు, రాత్రి ఎక్కించేవారు. పోయిన నెల మలుపులో కుర్చీ కాలు గోడకు తగిలి విరిగింది. వెనక ఉన్న అబ్బాయి తన మోకాలు అడ్డం పెట్టబట్టి నాన్నగారు పడలేదు. ఆ మోకాలు వాచి వారం రోజులు అతను పనిలోకి రాలేదు. అప్పటి నుంచి నాన్నగారు కిందికి దిగనంటున్నారు. పొద్దున షట్టరు ఎత్తిన చప్పుడు వినగానే గోడ గడియారం వంక చూస్తారు. అంతే, ఏమీ అనరు.

మెట్ల వెంట వేసిన పట్టా మీద మనిషిని కూర్చోబెట్టుకుని నడిచే కుర్చీని మెట్ల లిఫ్టు అంటారట. అవి పెట్టే రెండు కంపెనీలవాళ్లు వచ్చి చూశారు. ఒకరు రెండు తిన్నని పట్టాలు వేసి, రెండు కుర్చీలు పెడతామన్నారు. ల్యాండింగులో ఒక కుర్చీ దిగి ఇంకో కుర్చీ ఎక్కాలి. రెండోవారు మలుపుతో పాటు వంగే ఒకే పట్టా వేస్తామన్నారు, కానీ ధర దాదాపు రెండింతలు. మా తమ్ముడు స్లాబు కోసి ఇంటి లిఫ్టే పెట్టిద్దాం అంటున్నాడు. మా బాబాయి అయితే కొట్టు వెనక సరుకు గదిలో మంచం వేసేయమంటున్నారు. తలా ఒక మాట. నాకు కావలసింది ఒక్కటే, ఆయనకు ఏమీ కాకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వరంగల్ ఫిజియో

అమ్మా, మీ ప్రశ్నలో అన్నింటికంటే ముఖ్యమైన మాట ఆ మొదటి కంపెనీవాళ్లు చెప్పినదే. దాన్ని వెంటనే కాదనండి. రెండు తిన్నని లిఫ్టులు వద్దే వద్దు.

ఎందుకో చెబుతాను. మెట్ల లిఫ్టు నడుస్తున్నప్పుడు మనిషి కూర్చుని, బెల్టు పెట్టుకుని ఉంటాడు. అది దాదాపు నిమిషం ప్రయాణం. ఆ నిమిషంలో పెద్దగా ఏమీ జరగదు. ప్రమాదమంతా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఉంటుంది. అందులోనూ పైన దిగేటప్పుడు, ఎందుకంటే పక్కనే మెట్ల గొయ్యి నోరు తెరుచుకుని ఉంటుంది. ఒక పక్క పడిపోయిన మనిషి లేచి నిలబడగానే బరువు బలమున్న కాలి మీదకు మారుతుంది, ఆ క్షణంలో ఒళ్లు ఊగుతుంది. చదును నేల మీద అయితే ఆ ఊగడం పెద్ద విషయం కాదు. మూడడుగుల ల్యాండింగులో, వెనక పది మెట్లు ఉన్నచోట, రోజుకు రెండుసార్లు అలా కుర్చీ నుంచి కుర్చీకి మారమంటే నేను నా రోగిని పంపను.

ఒకే పట్టా విషయానికి వస్తే, ముందు నాన్నగారిని ఇంట్లోనే పరీక్షించండి. దాదాపు 18 అంగుళాల ఎత్తున్న, చేతులున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ చేత్తో మాత్రమే ఆనుకుని లేవమనండి. పక్కన ఉండండి, పట్టుకోవద్దు. వరుసగా ఐదుసార్లు లేవగలిగితే, లేచాక పది అంకెలు లెక్కపెట్టేదాకా తూలకుండా నిలబడగలిగితే మాట్లాడదాం. మూడోసారికే మీ భుజం వెతుక్కుంటే ఇంకో రెండు నెలలు వ్యాయామం చేయించాకే లిఫ్టు సంగతి.

మరొకటి. పక్షవాతం తర్వాత కొందరికి రెండు కళ్లలోనూ ఒకే పక్క చూపు పోతుంది. కన్ను బాగానే ఉంటుంది, మెదడు ఆ పక్కను చూడదు. కంచంలో కుడి పక్క అన్నం అలాగే మిగిలిపోతోందా? నడుస్తూ కుడి భుజం తలుపు చట్రానికి కొట్టుకుంటున్నారా? అలా ఉంటే మెట్టు అంచు ఆయనకు కనిపించదు. కంటి డాక్టరుతో చూపు పరిధి పరీక్ష చేయించకుండా కొటేషను మీద సంతకం పెట్టవద్దు. ఫిట్స్ వచ్చాయా అన్నది కూడా నరాల డాక్టరుతో మాట్లాడాలి.

విశాఖ చక్రాల కుర్చీ

మీ నాన్నగారి బాధ నాకు తెలుసు, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. మెట్ల లిఫ్టు వద్దు.

2011లో ప్రమాదంలో నా వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. మాది మేడ మీద ఇల్లు. ఇంట్లోవాళ్లు ప్రేమగా మెట్ల లిఫ్టు పెట్టించారు. నాలుగేళ్లు వాడాను. అమ్మేవాళ్లు చెప్పనిది, కొనేటప్పుడు మనకు తోచనిది ఒకటుంది. ఆ యంత్రం మనిషిని మోస్తుంది గానీ ఆయన చక్రాల కుర్చీని మోయదు. కింద ఒక కుర్చీ, పైన ఒక కుర్చీ కావాలి. ఒక్కసారి బయటికి వెళ్లి రావాలంటే నాలుగుసార్లు ఒళ్లు ఈడ్చుకుంటూ మారాలి. మా అమ్మ పక్కన లేనిదే ఒక్కసారీ మారలేకపోయాను. కాలు బిగుసుకుని వణికినప్పుడు పాదం పలక మీద నుంచి జారిపోయేది. మెట్టుకు తగలగానే యంత్రం ఆగిపోయేది, అది దాని మంచితనమే. కానీ సగం మెట్ల మీద ఆగిపోయి, స్పర్శ లేని కాలును మా అమ్మ వంగి ఎత్తి పలక మీద పెట్టేదాకా నేను గోడ చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆవిడకు అప్పటికే 60 దాటాయి.

చివరికి దాన్ని తీసేసి, ఇంటి పక్కన ఉన్న ఖాళీలో నాలుగు స్తంభాల మీద చిన్న లిఫ్టు కట్టించుకున్నాం. ఇప్పుడు నా కుర్చీతో నేనే లోపలికి వెళతాను, బొత్తం నొక్కుకుంటాను, బయటికి వస్తాను. ఎవరినీ పిలవను. మొదటి రోజు కింద గేటు దగ్గర ఒక్కణ్ణే పావుగంట ఊరికే కూర్చున్నాను.

మీ నాన్నగారు ఈ రోజు నడుస్తున్నారు. రేపు? రెండో స్ట్రోకు వస్తే? వయసు పెరిగి కుర్చీ తప్పనిసరి అయితే? లక్షలు పోసి కొన్న వంకర పట్టా అప్పుడు ఎందుకూ పనికిరాదు. దాన్ని మీ మెట్ల కొలతకే వంచుతారు, ఇంకో ఇంటికి పట్టదు.

గుంటూరు పెద్దాయన

నా వయసు 74. ఈ యంత్రాల మాట పక్కన పెట్టి నా మాట కూడా వినండి తల్లీ. మీ బాబాయి గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

మా ఇంటావిడకు కీళ్లవాతం ముదిరి మెట్లు ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు, పైన ఉన్న కాపురాన్ని కిందికి దించేశాం. ముందు గదిలో మంచం, దాని పక్కనే పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి కట్టించాం, గోడలకు పట్టుకునే కడ్డీలు బిగించాం. లిఫ్టుకు పెట్టే డబ్బుతో ఆరేళ్లు మనిషిని పెట్టుకున్నాం, ఫిజియోథెరపీ చేయించాం. కరెంటు పోతుందన్న బెంగ లేదు, బ్యాటరీ బెంగ లేదు, మెకానిక్ కోసం ఎదురుచూపులు లేవు. మెట్లే ఎక్కనివాళ్లు మెట్ల మీద పడరు కదా.

లెస్టర్ తెలుగమ్మాయి

పెద్దాయన గారూ, మీరు చేసినదాన్ని తప్పు పట్టను. ముందు గదిని మనిషికి తగ్గట్టు మార్చారు, కడ్డీలు బిగించారు. అది మంచి పని. కానీ తెనాలి అక్క చెప్పినది ముందు గది కాదు, సరుకు గది. కిటికీ ఉందా, మరుగుదొడ్డి ఉందా, రాత్రి పిలిస్తే పైన ఉన్నవాళ్లకు వినిపిస్తుందా అన్నది చూడాలి. అందరూ పైన భోంచేస్తుంటే ఆయన ఒక్కరే కింద బట్టల మూటల మధ్య పడుకోవడాన్ని నేను క్షేమం అనలేను.

నేను ఇంగ్లండులో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. వికలాంగులకు ఇంటి పనుల్లో, కదలికల్లో ఏం కావాలో చూసి చెప్పే ఉద్యోగం. ఇక్కడ పెద్దవాళ్ల ఇళ్లలో మెట్ల లిఫ్టులు బాగా కనిపిస్తాయి. ఇంట్లో మార్పులకు 30,000 పౌండ్ల దాకా ప్రభుత్వ గ్రాంటు కూడా ఉంది, ఆదాయాన్ని బట్టి ఇస్తారు. ఆ గ్రాంటు అడిగినప్పుడు మాలాంటివాళ్లం ఇంటికి వెళ్లి, ఆయన మంచం మీద నుంచి ఎలా లేస్తున్నారు, మరుగుదొడ్డికి ఎలా వెళుతున్నారు అని చూసి రాసి ఇస్తాం. మన దగ్గర ఆ మెట్టు దాటేసి నేరుగా అమ్మేవాళ్లే వస్తారు, ఏది కావాలో వాళ్లే చెబుతారు. అసలు చిక్కు అక్కడ ఉంది. అందుకే వరంగల్ ఫిజియో గారు చెప్పిన పరీక్ష చేయించాకే మిగతా మాట.

విశాఖ అన్నయ్య చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటాను. ఒంటికి నిలకడ లేనివారికి, చక్రాల కుర్చీ వదలలేనివారికి మెట్ల లిఫ్టు సరికాదు. మతిమరుపు జబ్బుతో ఉన్నట్టుండి బెల్టు విప్పుకుని లేచిపోయేవారికీ వద్దంటాం. కానీ ఒక పక్క బలం ఉండి, లేచి నిలబడగలిగి, చెప్పింది అర్థమయ్యే మనిషికి అది బాగా పనిచేయడం నేను రోజూ చూస్తున్నాను. అన్నయ్య గారి ఒళ్లు వేరు, తెనాలి నాన్నగారి ఒళ్లు వేరు.

కుడి పక్క పడిపోయింది కాబట్టి కొటేషనులో ఇవి రాయించుకోండి. నడిపే మీట ఎడమ చేతి పిడి మీద ఉండాలి. పైకి చేరాక కుర్చీని ల్యాండింగు వైపు తిప్పే పిడి ఎడమ చేతికి అందాలి, లేదా మోటారుతోనే తిరిగేది తీసుకోవాలి. కుర్చీ మెట్లకు అడ్డంగా ఉండగానే దిగడం మొదలుపెట్టారా, కాళ్ల కింద నేల ఉండదు. పూర్తిగా తిరిగి గడియ పడేదాకా లేవకూడదని అలవాటు చేయాలి. బెల్టు ఒంటి చేత్తో పెట్టుకునేదై ఉండాలి. చాలా బెల్టులు రెండు చేతులు అడుగుతాయి, షోరూములో ఎవరూ చెప్పరు. కాళ్లు పెట్టుకునే పలకను వంగి మడవనక్కర్లేకుండా చేతి పిడి దగ్గరి మీటతో మడిచేది ఉంటుంది, అదే కావాలి.

విశాఖ చక్రాల కుర్చీ

నా ఒళ్లు వేరని మీరన్నది నిజమే. కానీ 2011కు ముందు నా ఒళ్లు కూడా వేరుగానే ఉండేది. ఇల్లు కట్టేవాళ్లు, యంత్రం కొనేవాళ్లు ఈ రోజు ఉన్న ఒంటినే చూస్తారు. నేను పదేళ్ల తర్వాతి ఒంటిని చూడమంటున్నాను.

కూకట్‌పల్లి లిఫ్టు మెకానిక్

ఇరవై రెండేళ్లుగా లిఫ్టుల పని చేస్తున్నాను. ఇంటి లిఫ్టులూ బిగించాను, మెట్ల లిఫ్టులూ బిగించాను. ఏదో ఒకటి అమ్మాలన్న ఆశ నాకు లేదు కాబట్టి రెండింటి సంగతీ చెబుతాను.

మెట్ల లిఫ్టు పట్టాను గోడకు బిగిస్తారని చాలామంది అనుకుంటారు. కాదు, మెట్లకే బిగిస్తారు. కుర్చీ బరువు, మనిషి బరువు, కుదుపు అంతా మెట్టు రాయి మీద పడుతుంది. పట్టా పొడవునా పళ్ల పట్టీ ఉంటుంది, కుర్చీ అడుగున పళ్ల చక్రం ఉంటుంది. అది ఆ పళ్లను పట్టుకుని పాకుతుంది కాబట్టి తాడు తెగడం అన్న మాట లేదు. వేగం మితిమీరితే దానంతట అదే పట్టేసే ఏర్పాటు విడిగా ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 81-40 ప్రకారం వేగం సెకనుకు 15 సెంటీమీటర్లు దాటకూడదు. ఆ ప్రమాణానికి తగ్గట్టు చేసినదేనా అని కాగితం అడగండి. నోటి మాట చాలదు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. మెట్ల మీద గ్రానైటు పలకలు వేసేటప్పుడు మేస్త్రీలు మధ్యలో సిమెంటు సరిగా నింపరు. పై నుంచి చూస్తే రాయి నిగనిగలాడుతుంది, కింద బోలు. అందులో బోల్టు దింపితే మొదటి నెల గట్టిగానే ఉంటుంది, ఆ తర్వాత కదలడం మొదలవుతుంది. ఒక రూపాయి నాణెం తీసుకుని ప్రతి మెట్టునూ గోడ వైపు మూల నుంచి నాలుగు చోట్ల తట్టండి. గట్టి రాయి చిన్నగా టక్కుమంటుంది. బోలు రాయి కుండను తట్టినట్టు మోగుతుంది. మోగిన మెట్లకు సుద్దతో గుర్తు పెట్టండి. బిగించే ముందే ఆ పలకలు లేపించి కింద నింపించాలి.

కరెంటు గురించి పెద్దాయన గారు అన్నదానికి జవాబు. మంచి మెట్ల లిఫ్టు ఇంటి కరెంటుతో నేరుగా నడవదు. కుర్చీలోనే రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, కరెంటు వాటిని నింపడానికే. కరెంటు పోయినా చాలాసార్లు ఎక్కి దిగవచ్చు. కానీ కుర్చీని ఛార్జింగు చోటులోనే ఆపాలి. నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. మధ్యలో ఎక్కడో వదిలేస్తారు, రెండు రోజులకు బ్యాటరీ చచ్చిపోతుంది, మెషీను పాడైందని పిలుస్తారు. మలుపు పట్టాలకు కొన్నింటిలో పైనా కిందా తప్ప మధ్యలో ఛార్జింగు ఉండదు. కొన్నేళ్లకు ఒకసారి బ్యాటరీలు మార్చాలి, ఆ ఖర్చు ముందే రాయించుకోండి.

అప్పగించే రోజు నాలుగు పరీక్షలు మీ కళ్ల ముందు చేయించండి. మెయిను కట్టేసి మనిషిని కూర్చోబెట్టి నడపాలి. మీట మీద నుంచి చెయ్యి తీయగానే ఆగాలి, ఒక్క అంగుళం జారకూడదు. దారిలో ఒక దిండు పెట్టి కుర్చీని దాని మీదికి రానివ్వాలి, పలక తాకీ తాకగానే ఆగాలి. బెల్టు పెట్టకుండా నడిపి చూడాలి. కొన్ని రకాలు బెల్టు లేనిదే కదలవు, మీకు అలాంటిదే మేలు. ఇంట్లో పిల్లలుంటే తాళంచెవి ఉన్నది తీసుకోండి, రిమోట్లు వాళ్లకు అందకుండా పెట్టండి.

మీది బట్టల కొట్టు అన్నారు. పళ్ల పట్టీకి జిడ్డు ఉంటుంది, దాని మీద దారపు నూగు, దుమ్ము పేరుకుంటాయి. నెలకొకసారి పొడిగుడ్డతో తుడిపించండి. నాన్నగారు పంచె కడతారా? కుచ్చిళ్లు పట్టా వైపు వేలాడకుండా కాళ్ల మధ్యకు మడుచుకుని కూర్చోవాలి, లేదా ఆ రెండు ప్రయాణాలకు పైజామా అలవాటు చేయండి. కొంగు, చున్నీ, పంచె అంచు పళ్లలో చిక్కడం నేను కళ్లారా చూశాను.

ఇంటి లిఫ్టు గురించి. తమ్ముడు గారు స్లాబు కోద్దాం అన్నారు. ఇల్లు ఎప్పటిది, పైకప్పు ఎలాంటిది? స్లాబా, దూలాల మిద్దా? అది చెప్పకుండా ఎవరూ సలహా ఇవ్వలేరు. ఇంకొకటి, ఇంటి లిఫ్టులో కూడా ప్రమాదం లేకపోలేదు. బయటి తలుపుకూ లోపలి తలుపుకూ మధ్య సందు ఎక్కువైతే చిన్న పిల్ల అందులో ఇరుక్కోవచ్చు. అమెరికాలో ఆ సందు వల్ల పిల్లలు చనిపోయి, లిఫ్టులను వెనక్కి పిలిపించి సరిచేయించారు. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే ఏర్పాటు లేని లిఫ్టు ఇంట్లో పెట్టుకోవద్దు.

తెనాలి మేడ

అందరికీ నమస్కారాలు. ఒక్కొక్కటే చెబుతాను.

ఇల్లు మా తాతగారి కాలంలో కట్టింది. పైకప్పు టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు పేర్చిన మద్రాసు మిద్దె. ఇంజనీరు గారిని పిలిపించాం. ఆయన ఒక దూలం తడిమి చూసి, దీన్ని కోస్తే మిగతావి ఎటు వంగుతాయో చెప్పలేను, ఇంటి లోపల లిఫ్టు మాట మరిచిపోండి అన్నారు. తమ్ముడు అప్పుడు ఒప్పుకున్నాడు. పెరట్లో విడిగా స్తంభాల మీద కట్టవచ్చట. పెరడు ఏడడుగులే, దాని అవతల గోడ బాబాయి వాటా.

ర్యాంపు అన్న మాట కూడా ఎవరో బంధువు అన్నారు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలట. మా మెట్లు ఏడంగుళాల చొప్పున 18, అంటే పదిన్నర అడుగుల ఎత్తు. 126 అడుగుల ర్యాంపు వేయాలంటే మా వీధి చివరకు వెళుతుంది.

వరంగల్ ఫిజియో గారూ, పరీక్ష చేశాం. ఐదుసార్లు లేచారు. నాలుగోసారి కొంచెం ఆగి ఊపిరి పీల్చుకున్నారు, నేను చెయ్యి చాపితే కళ్లతోనే వద్దన్నారు. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు, నరాల డాక్టరు గారు ఆ విషయం రాసిచ్చారు. చూపు పరీక్షలో కుడి పక్క కింది భాగంలో కొంత తగ్గిందని తేలింది. ఇది మాకు ఎవరికీ తెలియదు. పద్నాలుగు నెలల్లో ఆసుపత్రిలో గానీ ఇంకెక్కడ గానీ ఒక్కరూ చెప్పలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం పెడుతూ చూశాను. కుడి పక్క పెట్టిన పచ్చడి నిజంగానే అలాగే ఉంది. నచ్చక వదిలేస్తున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను.

వరంగల్ ఫిజియో

ఇప్పటికైనా తెలిసింది, అదే మేలు. దీని వల్ల లిఫ్టు వద్దని కాదు. పై మెట్టు అంచుకు, మెట్టు పొడవునా రెండంగుళాల పసుపు పట్టీ వేయించండి. తల కుడికి తిప్పి అంచు చూశాకే లేవడం ఆయనతో సాధన చేయిస్తాను, ఫోనులో చూపించినా చాలు. పట్టా చివర పై మెట్టు దగ్గరే ఆగిపోకుండా పై నేల మీదకు కొంత ముందుకు సాగేలా అడగండి. కుర్చీ మెట్ల నోటికి దూరంగా వెళ్లి ఆగుతుంది, అక్కడ దిగితే వెనక గొయ్యి ఉండదు. దానికి కొంత అదనంగా అడుగుతారు. ఇంకేదైనా తగ్గించుకోండి గానీ అది తగ్గించవద్దు. దిగినచోట ఎడమ చేతికి అందేలా గోడకు నిలువు కడ్డీ బిగించండి.

గుంటూరు పెద్దాయన

అమ్మాయిలు చెప్పింది చదివాను. సరుకు గది అన్న మాట నేను సరిగా పట్టించుకోలేదు, ముందు గది అనుకున్నాను. ఆ విషయంలో నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

మిగతాది మాత్రం నిజమే అంటాను, మా ఇంటి వరకు. అయితే ఒకటి చెప్పాలి. మా ఇంటావిడ పోయేదాకా ఆరేళ్లు మళ్లీ డాబా ఎక్కలేదు. ఆవకాయ జాడీలు ఎండకు పెట్టినప్పుడు మనవరాలు పైకి ఎక్కి కింది నుంచి ఆవిడ అడిగిన ప్రశ్నలకు కేకలేసి జవాబులు చెప్పేది. మూత గుడ్డ గట్టిగా కట్టావా, కాకి కూర్చుందా అని అడిగేది. నేను అప్పుడు దాన్ని ముచ్చటగా చూశాను. ఎక్కించి చూపిద్దామన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు. ఇప్పుడు వస్తోంది.

లెస్టర్ తెలుగమ్మాయి

పెద్దాయన గారూ, ఆవిడ క్షేమంగా, మీ కళ్ల ముందు ఉన్నారు. అది చిన్న విషయం కాదు.

అక్కా, ఒక్క ప్రశ్న. ఇంతమందిమి ఇన్ని చెప్పాం. నాన్నగారు ఏమన్నారు?

తెనాలి మేడ

మీరు అడిగాక సిగ్గనిపించింది. నిజంగానే ఆయన్ను ఎవరమూ నేరుగా అడగలేదు. కొటేషన్లు ఆయన ముందే చదివాం, ఆయనతో కాదు.

మలుపు పట్టా కంపెనీవాళ్లను అడిగితే విజయవాడలో వాళ్లు బిగించిన ఇంటికి తీసుకెళ్లారు. ఆ ఇంటివాళ్లు చాలా మంచివాళ్లు, గంటసేపు ఓపిక పట్టారు. నాన్నగారు ముందు కుర్చీని తిప్పి తిప్పి చూశారు, కొట్టుకు వచ్చిన కొత్త తానును చూసినట్టు. ఎడమ చేత్తో బెల్టు పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించి నాలుగోసారి పెట్టుకున్నారు. కుడి పాదం పలక మీద పక్కకు ఒరుగుతోంది. దాన్ని చూసి కంపెనీ అబ్బాయి పలక అంచుకు చిన్న అడ్డు పెట్టవచ్చన్నాడు, మడమ వెనక ఒక పట్టీ కూడా. మోకాళ్లు ఎదుటి కడ్డీకి తగలలేదు, నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంది. సగం దారిలో ఆ ఇంటాయన మెయిను కట్టేశారు. దీపాలు పోయాయి, కుర్చీ అలాగే సాగింది. నాన్నగారు మీట వదిలారు, ఆగింది. మళ్లీ నొక్కారు. మళ్లీ వదిలారు. పైకి చేరాక కుర్చీ తిరిగేదాకా ఆగి, తల కుడికి తిప్పి చూసి లేచారు.

కారులో తిరిగి వచ్చేటప్పుడు కృష్ణ దాటాక అన్నారు. "ఇది చాలు. కానీ నా ఒక్కడి కోసం అప్పు చేయొద్దు." అప్పు చేయడం లేదని, ఆయన దాచిన డబ్బే అని చెప్పాను. కాసేపాగి, "అయితే పొద్దున షట్టరు నేనే ఎత్తిస్తాను" అన్నారు.

నాణెంతో అన్ని మెట్లూ తట్టాను. మూడోది, పదకొండోది, పదిహేనోది బోలుగా మోగాయి. సుద్ద గుర్తులు పెట్టాను. శనివారం మేస్త్రీ వస్తున్నాడు.

విశాఖ చక్రాల కుర్చీ

ఆయనే చూసి, కూర్చుని, తేల్చుకున్నారు కాబట్టి ఇక వద్దనను. నా అభిప్రాయం మాత్రం మారలేదు. మెట్ల లిఫ్టు నడవగలిగినన్నాళ్లకే. ఆ రోజులు ఎన్నో మనకు తెలియదు.

అందుకని ఒక పని చేయండి. పెరటి గోడ విషయం బాబాయి గారితో ఇప్పుడే మాట్లాడండి, అందరూ ఆరోగ్యంగా, మంచిగా ఉన్నప్పుడే. నాలుగడుగుల చోటు ఎప్పుడైనా లిఫ్టుకు అవసరమైతే ఇస్తానని కాగితం మీద రాయించుకోండి. అవసరం పడ్డాక అడగడం వేరు, ముందు అడగడం వేరు. మా ఇంట్లో ఆ చోటు కోసమే రెండేళ్లు ఆలస్యమైంది.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం ధ్రువపత్రం తీసుకున్నారా? లేకపోతే శిబిరానికి తీసుకెళ్లండి. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే, ఆయన పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారైతే 75,000 రూపాయలు, 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 మినహాయింపు వస్తుంది.

కూకట్‌పల్లి లిఫ్టు మెకానిక్

విశాఖ సోదరుడి మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటున్నాను. కాగితం రాయించుకోండి.

పదకొండో మెట్టు మలుపు దాటగానే వచ్చేది. మలుపులో పట్టా ఒరిపిడి ఎక్కువ, బరువు అక్కడే గుంజుతుంది. ఆ పలక కింద నింపించాక కనీసం వారం తడి ఆరనివ్వండి, కంపెనీవాళ్లు తొందరపెట్టినా డ్రిల్లు పెట్టనివ్వకండి. మేస్త్రీ వచ్చినప్పుడు పదో మెట్టునూ, పన్నెండో మెట్టునూ కూడా మళ్లీ ఒకసారి తట్టించండి.

తెనాలి మేడ

పన్నెండోది ఇప్పుడే తట్టి చూశాను, అంచు దగ్గర సన్నగా మోగింది. దాన్నీ లేపిస్తాను. బాబాయి రేపు సాయంత్రం భోజనానికి వస్తున్నారు. గోడ మాట నాన్నగారే ఎత్తుతానన్నారు.